పడటానికి గోడలు కడితే: ‘షూట్’ అనే మాట కథ

నమస్కారమండీ. నన్ను పిలిచినవాళ్లు ‘మీకు ఇష్టమైన మాట ఒకటి తీసుకుని మాట్లాడండి’ అన్నారు. ఇష్టమైన మాట అని కాదు గానీ, నా పరువు తీసిన మాట ఒకటుంది. ఇవాళ దాని సంగతే చెబుతాను.

నేను అనువాదాల్లోకి కొత్తగా వచ్చిన రోజులు. ఒక పెద్ద భవనంలో కాపురం ఉండేవాళ్ల కోసం సూచనలు ఇంగ్లీషులో రికార్డు చేసి, విని తెలుగులో రాయమని ఇచ్చారు. చేతికి కాగితం ఇవ్వలేదు, చెవే ఆధారం. అందులో ఒకచోట ‘గార్బేజ్ షూట్’ అని వినపడింది. గార్బేజ్ అంటే చెత్త. షూట్ అంటే కాల్చడం. ఇంకేం, ‘చెత్తను కాల్చే చోటు’ అని రాసేశాను. దాని తరవాతి వాక్యం, అది ప్రతి అంతస్తులోనూ లిఫ్టు పక్కనే ఉంటుందని. అదీ రాసేశాను. ప్రతి అంతస్తులో, లిఫ్టు పక్కన మంట పెడతారా అన్న అనుమానం కూడా రాలేదు నాకు. నా ప్రతిని దిద్దిన పెద్దాయన ఆ రెండు వాక్యాల చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి, పక్కన ‘కొంప తగలబెడతావా?’ అని రాశారు.

(నవ్వులు)

ఆ షూట్ ఈ షూట్ కాదు. పై అంతస్తులో చెత్త వేస్తే జారుకుంటూ కిందికి వచ్చి తొట్టిలో పడే నిలువు గొట్టం అది. ఇంగ్లీషులో దాని స్పెల్లింగు సి, హెచ్, యు, టి, ఇ. తుపాకీతో కాల్చే షూట్‌కి ఎస్, హెచ్, డబుల్ ఓ, టి. పలకడం మాత్రం రెండూ ఒకటే. ఇంగ్లీషువాళ్లకి కాగితం మీదైనా తేడా కనిపిస్తుంది. మనం తెలుగు లిపిలో రాస్తే ఆ తేడా కూడా పోతుంది. రెండూ షూట్‌లే.

ఇందులో ఇంకో తమాషా ఉంది. అదే మాట పారాచూట్‌లో కూడా ఉంది. అక్కడ మనలో చాలామంది ‘చూట్’ అంటాం, ‘చ’తోనే రాస్తాం. ఎందుకంటే అక్షరాలు చూసి చదువుకున్నాం. ‘సి, హెచ్’ ఉంటే ‘చ’ అని బళ్లో నేర్పారు. అంటే ఒకే మాట చెవిలోంచి వస్తే షూట్, కంటిలోంచి వస్తే చూట్. ఏది తప్పు అని అడిగితే నేను గొడవ పెట్టుకోను. ఇవాళ్టికి మాత్రం జారుడు గొట్టాన్ని ‘చూట్’ అనీ, తుపాకీదాన్ని ‘షూట్’ అనీ అంటాను. లేకపోతే మీరూ నేనూ ఇద్దరం తికమకపడతాం.

చూట్ ఫ్రెంచి మాట. ఫ్రెంచిలో దానికి అర్థం చాలా చిన్నది: ‘పడటం’. అంతే. గొట్టం లేదు, ఏటవాలు లేదు, గోడలు లేవు. మెట్ల మీంచి పడినా చూటే, ప్రభుత్వం పడిపోయినా చూటే, జుట్టు రాలినా చూటే. పాత ఫ్రెంచిలో ‘పడు’ అనే క్రియ ఒకటుండేది, శ్వార్ అని. దానికి మూలం లాటిన్‌లోని ‘కాదెరె’. దానర్థమూ పడటమే. ఇంకా వెనక్కి వెళితే భాషావేత్తలు దీన్ని సంస్కృతంలోని ‘శద్’ ధాతువుతో కలుపుతారు. పాణిని ధాతుపాఠంలో ‘శద్లృ శాతనే’ అని ఉంటుంది. రాలిపోవడం, శిథిలం కావడం అన్న అర్థాల్లో. ఈ ధాతువుతో మనకి రోజువారీ పని పడదు గానీ, చుట్టరికం ఉందని తెలిస్తే బావుంటుంది కదా.

ఈ ఫ్రెంచి మాట ఇంగ్లీషులోకి ఎక్కడ దూరిందో చూడండి. పారిస్‌లో కాదు, లండన్‌లోనూ కాదు. ఉత్తర అమెరికా నదుల మీద. యూరపు నుంచి వచ్చి కెనడా ప్రాంతంలో ముందు స్థిరపడినవాళ్లు ఫ్రెంచివాళ్లు. జంతు చర్మాల వ్యాపారం, పడవల మీద ప్రయాణం. నది ఎక్కడ విరుచుకుపడితే అక్కడ పడవ దిగి, దాన్ని నెత్తిన పెట్టుకుని నడవాలి. కాబట్టి నీళ్లు పడే చోటికి పేరు పెట్టుకోవడం వాళ్లకి సరదా కాదు, అవసరం. ‘చూట్’ అన్నారు. క్యూబెక్ నగరం పక్కన మొంమొరెన్సీ జలపాతం ఉంది, 83 మీటర్లు, నయాగరా కన్నా ఎత్తు. ఇప్పటికీ దాని ఫ్రెంచి పేరులో చూట్ ఉంది. నయాగరాని కూడా ఫ్రెంచిలో చూట్‌లనే అంటారు. నది మరీ అంత ఎత్తు నుంచి పడకుండా రాళ్ల మీద గంతులేస్తూ పోతే ‘గెంతు’ అన్నారు. సూ సెయింట్ మేరీ అనే ఊరి పేరులో ‘సూ’ అంటే ఆ గెంతే.

ఫ్రెంచిలో జలపాతాన్ని వివరంగా చెప్పాలంటే ‘చూట్ దో’ అంటారు, అంటే ‘నీటి పడటం’. మన మాట విప్పి చూడండి. జలం, పాతం. నీరు, పడటం. ఒక్క అక్షరం అటూ ఇటూ లేదు. ఎవరూ ఎవరి దగ్గరా అప్పు తెచ్చుకోలేదు. నీళ్లు ఎక్కడైనా అలాగే పడతాయి కాబట్టి మాటా అలాగే పుట్టింది.

‘పాతం’ దగ్గర ఒక్క నిమిషం ఆగనివ్వండి, ఇది నా బలహీనత. హిమపాతం, ఉల్కాపాతం, అశనిపాతం, ఇవన్నీ పైనుంచి పడేవే. మరి పక్షపాతం? అదీ పడటమే. ఒక పక్కకి ఒరిగి పడటం. తీర్పు చెప్పేవాడు నిటారుగా కూర్చోవాలి, ఇతను ఒక పక్షం మీదికి పడ్డాడు. ఇంత మంచి బొమ్మని మాటలో పెట్టుకుని, రోజూ వాడుతూ, ఎప్పుడూ చూడం. ఇంకో వింత ఏమిటంటే ఈ ‘పత్’ ధాతువుకి సంస్కృతంలో పడటం అనే కాదు, ఎగరడం అని కూడా అర్థం. పతనమూ అందులోంచే, పతంగమూ అందులోంచే. రెక్క అనే అర్థంలో పత్రమూ అందులోంచే. గాలిలో కదిలేదానికి పైకీ కిందికీ తేడా చూడలేదు ఆ మాట. దీన్ని గుర్తుపెట్టుకోండి, పారాచూట్ దగ్గర పనికొస్తుంది.

సరే, 18వ శతాబ్దంలో అమెరికాలోని ఇంగ్లీషువాళ్లు ఈ చూట్‌ని అందుకున్నారు. మొదట జలపాతం, తరవాత నది వేగంగా దూకే ఇరుకు దారి. మిసిసిపీ మీద పడవలు నడిపేవాళ్లు దీన్ని ఇంకొంచెం మార్చారు. నది మధ్యలో లంక ఉందనుకోండి. లంకకీ ఒడ్డుకీ మధ్య సన్నటి పాయ పోతుంది. దాన్ని చూట్ అన్నారు. అక్కడ నీళ్లు పడేదేమీ లేదు, సన్నగా పోతాయి, అంతే. మాటలోంచి ‘ఎత్తు’ తగ్గి, ‘ఇరుకు’ పెరగడం అక్కడ మొదలైంది.

ఇప్పుడు రెండో కాలువ సంగతి. ఇంగ్లీషులో సొంత షూట్ ఎప్పట్నుంచో ఉంది. పాత ఇంగ్లీషు మాట. తుపాకీ పుట్టకముందే పుట్టింది. దాని అసలు అర్థం కాల్చడం కాదు, వేగంగా దూసుకుపోవడం, విసరడం. బాణం దూసుకుపోతుంది. మొక్కకి చిగురు దూసుకొస్తుంది, అందుకే లేత చిగురుని కూడా ఇంగ్లీషులో షూట్ అంటారు. తలుపు గడియ దూసుకెళ్లి బిగుస్తుంది, అందులోంచి ‘షట్’ వచ్చింది, మనం దుకాణానికి వేసే షట్టర్ దాని బిడ్డే. మగ్గం మీద ఈ పక్కనుంచి ఆ పక్కకి దూసుకుపోయే నాడెని షటిల్ అన్నారు. ఇవన్నీ ఒకే కుటుంబం.

ఆ షూట్‌కి ఇంగ్లండులో ఇంకో వాడుక ఉండేది: గబగబా కుమ్మరించడం. బండి వెనక్కి ఎత్తి బొగ్గు కుమ్మరిస్తే బొగ్గుని షూట్ చేసినట్టు. ఖాళీ స్థలాల్లో ‘ఇక్కడ చెత్త షూట్ చేయవచ్చు’ అనే బోర్డులుండేవి, అంటే పోసుకోవచ్చని. ఆ సంగతి చదివిన రోజు నా ఎర్ర సున్నా గుర్తొచ్చి కొంచెం ధైర్యం వచ్చింది. చెత్తకీ షూట్‌కీ సంబంధం నేను కల్పించింది కాదన్నమాట! మంట పెట్టడం మాత్రం నా సొంత కవిత్వం.

నీళ్లు వేగంగా దూకే చోటుని ఈ ఇంగ్లీషు షూట్‌తోనూ పిలిచేవారు, ఫ్రెంచి చూట్ రాకముందే. కాబట్టి రెండు మాటలు అమెరికాలో ఎదురుపడేసరికి ఉచ్చారణ ఒకటి, చూపించే వస్తువు ఒకటి. ఒకటి ‘పడటం’ అంటోంది, ఒకటి ‘దూసుకుపోవడం’ అంటోంది. ఏటవాలు గొట్టంలో జరిగేది రెండూ కలిసిందే కదా. అందుకే మాటలు కూడా కలిసిపోయాయి. స్పెల్లింగు ఫ్రెంచిది మిగిలింది, వేగం ఇంగ్లీషుది మిగిలింది. ఏ అర్థం ఎవరి వాటా అని విడదీయబోతే కుదరదు. రెండు ఏర్లు కలిశాక ఏ నీళ్లు ఎవరివో చెప్పగలమా?

ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టిన ఆట కూడా ఒకటుంది. ఎత్తైన ఏటవాలు మీంచి చదునైన పడవ జారి, కింద చెరువులో పడి, నీటి మీద చిల్లపెంకులా గెంతుతూ పోతుంది. 1884లో ఇల్లినాయ్ రాష్ట్రం రాక్ ఐలండ్‌లో మొదలైంది. తరవాత పాల్ బాయ్టన్ అనే ఈతగాడు 1895లో న్యూయార్క్ కోనీ ఐలండ్‌లో వినోదాల పార్కు తెరిచి దీన్ని పెట్టాడు. ఆ ఆట పేరు ‘షూట్ ద చూట్స్’. నోటితో అంటే ఒకే మాట రెండుసార్లు. తెలుగులో రాస్తే పిచ్చివాడి మాటలా ఉంటుంది.

19వ శతాబ్దం వచ్చేసరికి చూట్ నది ఒడ్డు వదిలి పనిలో చేరింది. మిల్లులో ధాన్యం దిగే దారి చూట్, గనిలో బొగ్గు దిగే దారి చూట్, అడవి కొండ మీంచి దుంగలు జారే దారి చూట్, హోటల్లో మాసిన దుప్పట్లు నేలమాళిగకి పోయే దారి చూట్. వీటన్నిట్లో నాకు నచ్చింది ఉత్తరాలది.

న్యూయార్క్ రాష్ట్రంలో రాచెస్టర్ అని ఊరు. అక్కడ జేమ్స్ గూల్డ్ కట్లర్ అనే ఆర్కిటెక్టు. అప్పటికే భవనాలు ఎత్తు పెరుగుతున్నాయి. పైన ఆఫీసులో కూర్చున్నవాడు ఉత్తరం పోస్టు చేయాలంటే కిందికి దిగాలి, మళ్లీ ఎక్కాలి. కట్లర్ 1883లో ఉత్తరాల చూట్‌కి పేటెంటు తీసుకున్నాడు, మరుసటి ఏడు రాచెస్టర్‌లోనే ఎల్వుడ్ భవనంలో మొదటిది బిగించారు. ప్రతి అంతస్తులో గోడకి సన్నటి సందు. ఉత్తరం అందులో వేస్తే జారి కింద ఉన్న తపాలా పెట్టెలో పడుతుంది. పడిన దెబ్బకి ఉత్తరాలు నలగకుండా పెట్టెలో మెత్త కూడా ఉండాలి. గొట్టం ముందు భాగం గాజు. అందం కోసం కాదు, ఉత్తరం మధ్యలో ఇరుక్కుంటే కనిపించాలని. కానీ ఆ గాజు వల్ల ఏమైందంటే, మీరు నాలుగో అంతస్తులో నిలబడి ఉంటే, పై అంతస్తులవాళ్ల ఉత్తరాలు మీ కళ్లముందు నుంచి తెల్లగా మెరిసి మాయమవుతుంటాయి. ఎవరిదో ప్రేమలేఖ, ఎవరిదో అప్పుల నోటీసు, రెండూ ఒకే వేగంతో పడిపోతుంటాయి. కట్లర్ తరవాత ఆ ఊరికి మేయరు కూడా అయ్యాడు.

ఇరుక్కోవడం అన్నాను. చూట్ కట్టేవాడి టెన్షనంతా అదే. ఇక్కడ చిన్న ప్రయోగం చేస్తాను. ఇది పరీక్ష అట్ట. దీని మీద ఒక నాణెం పెడుతున్నాను, పక్కనే ఈ రబ్బరు ముక్క. ఇప్పుడు అట్టని ఒక వైపు మెల్లగా ఎత్తుతున్నాను... చూస్తూ ఉండండి... ఇంకా కదల్లేదు... ఇదిగో, నాణెం జారింది. రబ్బరు కదల్లేదు. ఇంకా ఎత్తుతున్నాను... ఇప్పుడు జారింది. మళ్లీ చేద్దాం, ఈసారి రెండు నాణేలు ఒకదానికొకటి టేపుతో అతికించాను, బరువు రెట్టింపు. ఏ వాలు దగ్గర జారుతుందో చూడండి... దాదాపు అదే చోట. వెనక కూర్చున్నవాళ్లకి కనపడిందా?

బరువు పెరిగితే కిందికి లాగే బలం పెరుగుతుంది, కానీ అట్టకి అదిమే బలమూ అంతే పెరుగుతుంది. కాబట్టి రాపిడీ అంతే పెరుగుతుంది. రెండూ కొట్టుకుపోతాయి. జారడం మొదలయ్యే కోణాన్ని తేల్చేది బరువు కాదు, ఏ ఉపరితలం మీద ఏ వస్తువు అన్నదే. పొడి ఇసుకని కుప్ప పోస్తే దాని వాలు 34 డిగ్రీల దగ్గర నిలబడుతుంది, ఇంకా నిటారుగా పోస్తే జారిపోతుంది. అదే ఇసుక తడిస్తే పిల్లలు గోడలు కూడా కట్టేస్తారు. అందుకే చూట్ కట్టేవాడు ముందు వాలు ఎంత అని అడగడు, ‘ఏం పోస్తారు, తడా పొడా’ అని అడుగుతాడు. వాలు తక్కువైతే సరుకు మధ్యలో కూర్చుంటుంది. ఎక్కువైతే కింద దభీమని పడి పగులుతుంది. ఇంకో రకం మొండితనం కూడా ఉంది. కిందికి పోయేకొద్దీ సన్నబడే చూట్‌లో గింజలు ఒకదాన్నొకటి ఆనుకుని కమానులా నిలబడిపోతాయి. పైన నిండుగా, కింద ఖాళీ. అప్పుడు ఒకడు కర్ర పట్టుకుని బయటనుంచి ఠంగుఠంగుమని కొట్టాలి. ఎంత పెద్ద ఇంజనీరు గీసిన చూట్ అయినా పక్కన ఓ కర్ర ఉండే తీరుతుంది.

మనుషులు జారే చూట్‌కి కూడా ఇదే లెక్క. విమానం అత్యవసరంగా దిగితే తలుపు దగ్గర గాలి నిండి విప్పుకునే జారుడు పట్టా ఉంటుంది చూశారూ, దాన్నీ కొందరు చూట్ అంటారు. సగం తలుపులు మాత్రమే వాడి 90 సెకన్లలో అందరూ బయటపడాలన్నది నియమం. 2006 మార్చిలో హాంబర్గ్‌లో ఎయిర్‌బస్ ఏ380ని పరీక్షించినప్పుడు 853 మంది ప్రయాణికులు, 20 మంది సిబ్బంది 78 సెకన్లలో కిందికి జారారు.

ఇక్కడిదాకా చూట్‌లో పడటం ఉంది, గోడలూ ఉన్నాయి. తరవాత పడటం పోయి గోడలే మిగిలిన సంగతి చెబుతాను. అది పశువుల చూట్. పశువుల్ని ఒకదాని వెనక ఒకటి నడిపించడానికి రెండు వైపులా కట్టిన ఇరుకు దారి. నేల సమతలమే. జారేదీ లేదు, పడేదీ లేదు. ఆవు నడిచి వెళుతుంది. అయినా పేరు చూటే.

టెంపుల్ గ్రాండిన్ పేరు మీలో కొందరు విని ఉంటారు. ఆటిజం ఉన్న శాస్త్రవేత్త, పశువుల ప్రవర్తన ఆమె రంగం. ఆమె పశువుల శాలలకి వెళ్లినప్పుడు చేసే పని, ఆ చూట్ లోపలికి తనే దిగడం. పశువు కళ్ల ఎత్తుకి వంగి, అది ఏం చూస్తోందో చూడటం. బయట నిలబడ్డవాళ్లు ‘ఇవి మొండివి, ముందుకి పోవు’ అని తిట్టుకుంటుంటారు. లోపలికి వంగి చూస్తే ఎదురుగా ఓ గొలుసు వేలాడుతూ ఊగుతుంటుంది. లేదా కంచె మీద ఎవరో కోటు ఆరేసి ఉంటారు. నేల మీద ఓ నీడ గీత అడ్డంగా పడి ఉంటుంది. పశువుకి అది గోతిలా కనిపిస్తుంది, ఆగిపోతుంది. గొలుసు తీసేస్తే నడుస్తుంది. దీనికి కర్ర అక్కర్లేదు చూశారా. వంగితే చాలు. ఆమె గీసిన చూట్‌లు వంపు తిరిగి ఉంటాయి, పక్క గోడలు సందుల్లేకుండా మూసి ఉంటాయి. ఆమెకి 18 ఏళ్లప్పుడు అరిజోనాలో ఒక బంధువు పశువుల క్షేత్రంలో ఇంకో రకం చూట్ చూసింది. టీకా వేసేటప్పుడు పశువుని రెండు పక్కల నుంచీ మెల్లగా అదిమి పట్టేది. అదిమాక కొన్ని పశువులు నెమ్మదించడం గమనించి, తన ఆందోళన తగ్గించుకోవడానికి తన కోసమే అలాంటి యంత్రం ఒకటి చేసుకుంది. పడటం అనే మాట పట్టుకోవడం దాకా వచ్చింది!

ఇక పారాచూట్. ‘పారా’ అంటే ఇక్కడ కాపాడటం, అడ్డుకోవడం. ఇటాలియన్ నుంచి ఫ్రెంచికి వచ్చిన ముక్క. ఎండని అడ్డుకునేది పారాసోల్. రొమ్ము ఎత్తున అడ్డంగా ఉండే గోడ పారాపెట్, ఇటాలియన్‌లో ‘పెత్తో’ అంటే రొమ్ము. మనం దాన్ని పిట్టగోడ అంటాం. పెత్తోకీ పిట్టకీ చుట్టరికం కలిపేయకండి బాబూ, శబ్దం కలిసిన ప్రతిచోటా సంబంధాలు మాట్లాడితే నాలాగే ఎర్ర సున్నాలు పడతాయి.

పడటాన్ని అడ్డుకునేది పారాచూట్. ఈ మాటని కట్టినవాడు లూయీ సెబాస్తియన్ లెనోర్మాన్ అనే ఫ్రెంచివాడు. 1783 డిసెంబరులో మోంపెలియేలో అబ్జర్వేటరీ బురుజు మీంచి తను చేసిన గొడుగులాంటి దానితో దూకి చూపించాడు. ఆయన మనసులో ఉన్నది ఆకాశం కాదు, మంటలంటుకున్న ఇల్లు. పై అంతస్తులో చిక్కుకున్నవాళ్లు దిగడానికి దారి. అంటే ఆయన ఆలోచించింది కూడా ఒక రకం చూటే, గోడలు లేనిది. 1797 అక్టోబరు 22న పారిస్‌లో ఆంద్రె జాక్ గార్నెరాన్ బెలూన్‌లో పైకి వెళ్లి, తాడు కోసుకుని, బట్ట పారాచూట్‌తో దిగాడు. దానికి నడినెత్తిన రంధ్రం లేదు. లోపల చేరిన గాలి ఒకసారి ఈ అంచు నుంచి, ఒకసారి ఆ అంచు నుంచి ఒలికిపోతుంటే బుట్ట గంటలా ఊగిపోయింది. కిందికి బతికే వచ్చాడు, కడుపులో తిప్పుకుంటూ. రెండేళ్లకి, 1799లో, జాన్ జనెవియెవ్ లబ్రోస్ కూడా దూకింది. ఆ పని చేసిన మొదటి స్త్రీ ఆమే. తరవాత గార్నెరాన్‌నే పెళ్లి చేసుకుంది.

20వ శతాబ్దంలో సైనికులు పారాచూట్‌ని రోజూ వాడి వాడి, పొడుగు మాట ఎందుకని ‘పారా’ తీసేశారు. ‘చూట్’ తెరుచుకుంది అంటే బతికినట్టు. గమనించారా? కాపాడే ముక్కని కత్తిరించి పారేశారు, పడే ముక్కని ఉంచుకున్నారు. మాట ప్రకారం వాడు కట్టుకున్నది పతనాన్ని. అర్థం ప్రకారం పతనానికి అడ్డు. ఇందాక ‘పత్’ ధాతువుని గుర్తుపెట్టుకోమన్నాను, పడటం ఎగరడం రెండూ ఒక్క మాటలో ఉన్నాయని. గాలిలో వేలాడుతున్నవాణ్ణి అడిగితే ఆ రెండూ వేరని చెప్పలేడేమో.

ఇంతకీ ఆ లాటిన్ కాదెరె ఇంట్లో ఇంకెవరున్నారో చూద్దాం, ఎందుకంటే వాళ్లు మన ఇళ్లలోనే తిరుగుతున్నారు. యాక్సిడెంట్, అంటే మీద పడేది. ఛాన్స్, అంటే పాచిక పడిన తీరు. మనమూ అంతే కదా, ‘ఆరు పడింది’ అంటాం. సూర్యుడు పడే దిక్కుని లాటిన్‌లో ఆక్సిడెన్స్ అన్నారు. మనం పడమర అన్నాం, అందులో ఉన్నది మన ‘పడు’యే. ఇక్కడ కూడా అప్పులు లేవు, ఇద్దరూ ఒకే సూర్యుణ్ణి చూశారు.

కేస్ కూడా వీళ్లమ్మాయే. లాటిన్‌లో ‘కాసుస్’ అంటే పడింది, జరిగింది. ఇంగ్లీషువాడు కేసు పెడతాడు, ఫైల్ చేస్తాడు. మనం? ‘అతని మీద కేసు పడింది’ అంటాం. ఎవరు నేర్పారండీ మనకి? ఆ మాట లోపల పడటం దాగుందని తెలియకుండానే పక్కన ‘పడు’ తెచ్చి పెట్టాం.

చీట్ అనే మాట ఇంకా విచిత్రం. మధ్యయుగపు ఇంగ్లండులో వారసులు లేకుండా ఎవరైనా పోతే ఆ భూమి తిరిగి దొర చేతిలో ‘పడేది’. అలా పడే ఆస్తికి ఎస్చీట్ అని పేరు, అదీ పాత ఫ్రెంచి ‘పడు’లోంచే, మన చూట్‌కి స్వయానా దాయాది. ఆ ఆస్తుల లెక్కలు చూసే అధికారులు ఎంత నిజాయితీగా ఉండేవారో గానీ, వాళ్ల ఉద్యోగం పేరు అరిగి అరిగి ‘చీట్’ అయి, మోసం అనే అర్థంలో స్థిరపడింది. ఇప్పుడు మనం రోజూ వార్తల్లో వినే వాక్యం ఒకటి తీసుకోండి: ‘అతని మీద చీటింగ్ కేసు పడింది.’ చీటింగ్, పడటం. కేసు, పడటం. పడింది, సరే. మూడు మాటలూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

(నవ్వులు, చప్పట్లు)

వైకుంఠపాళి ఆడారా? నిచ్చెన ఎక్కితే పైకి, పాము నోట్లో పడితే కిందికి. పుణ్యానికి నిచ్చెన, పాపానికి పాము. ఇక్కడ పుట్టిన ఆట ఇంగ్లండు వెళ్లి స్నేక్స్ అండ్ ల్యాడర్స్ అయింది. అమెరికాలో మిల్టన్ బ్రాడ్లీ కంపెనీ 1943లో తన ఆట తెచ్చినప్పుడు పాముల్ని తీసేసి, వాటి చోట పిల్లల జారుడుబల్లలు గీసి ‘చూట్స్ అండ్ ల్యాడర్స్’ అని పేరు పెట్టింది. చెడ్డ పని చేసిన పిల్లవాడు జారుడుబల్ల మీంచి సర్రున కిందికొస్తాడు. నాకు ఇది అన్యాయంగా అనిపిస్తుంది. పాము మింగితే భయం. జారుడుబల్ల మీద జారితే ఏ పిల్లవాడైనా మళ్లీ మెట్లెక్కి ఇంకోసారి జారడూ?

ఎవరో చెయ్యెత్తారు. అడగండి... ‘తెలుగులో దీనికి ఒక్క మాట ఏం పెట్టాలి’ అంటున్నారు. నా ఉద్దేశం, పెట్టకూడదు. ఒక్క మాట కోసం వెతికితే ‘ప్రపాతనాళిక’ లాంటిది పుడుతుంది, అది పుట్టిన రోజే పోతుంది. అందులో ఏం జారుతుందో చూసి రాయండి. పిల్లలు జారితే జారుడుబల్ల ఉండనే ఉంది. నీళ్లు జారితే వాలు కాలువ. ధాన్యం అయితే దిగుడు గొట్టం అనండి, మిల్లులో పనిచేసేవాళ్లని అడిగితే ఇంకా మంచి మాట చెబుతారు. పశువులదైతే ఇరుకు దారి. పారాచూట్ జోలికి వెళ్లకండి, అది మనదైపోయింది, ‘చ’తో సహా.

నా చెత్త సంగతా? పెద్దాయన నా రెండు వాక్యాలు కొట్టేసి ‘చెత్త గొట్టం’ అని రాశారు. అచ్చులో అదే వచ్చింది. చాలా ఏళ్ల తరవాత అలాంటి భవనం ఒకదానికి వెళ్లినప్పుడు, లిఫ్టు పక్కన ఆ గొట్టం మూత తెరుస్తున్నావిడని ఊరికే అడిగాను, దీన్ని ఏమంటారండీ అని. సంచీ లోపలికి తోసి, మూత వేసి, ‘షూటండీ’ అంది.